ఐసీయూ గుమ్మం దగ్గర మూడో వారం: పాంక్రియాస్ రోగికి ఫంగస్ సోకితే ఇంట్లోవాళ్లు ఏం చేయాలి

మా బావకి పాంక్రియాస్ వాచిందని విశాఖలో ఐసీయూలో చేర్చినప్పుడు కిడ్నీల గురించి చెప్పారు, ఊపిరితిత్తుల గురించి చెప్పారు, వెంటిలేటర్ కోసం సంతకాలు పెట్టించుకున్నారు. ఫంగస్ అన్న మాట మాత్రం పంతొమ్మిదో రోజు దాకా ఎవరి నోటా వినలేదు. ఆ రోజు డాక్టర్ గారు "చీములో ఫంగస్ పెరిగింది" అనగానే మా అక్క "లోపల బూజు పట్టిందా డాక్టర్ గారూ?" అని అడిగింది. ఆయన నవ్వలేదు. "దాదాపు అంతేనమ్మా" అన్నారు.

ఆ రోజుల్లో తెలుసుకున్నవి, తర్వాత తెలిసిన డాక్టర్లను అడిగి సరిచూసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. ఏ మందు వేయాలో, ఎప్పుడు ఆపరేషన్ చేయాలో తేల్చాల్సింది వాళ్లే. కానీ ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మనిషి చేయగలిగిన పనులూ ఉన్నాయి. వాటిలో సగం, సరైన రోజున సరైన ప్రశ్న అడగడం. మిగతా సగం, అడగకూడనిది అడగకుండా ఊరుకోవడం.

మొదట జబ్బు ఏ స్థాయిదో తెలుసుకోండి

పుస్తకాల్లో క్లోమం అని రాస్తారు గానీ ఆస్పత్రిలో అందరూ పాంక్రియాస్ అనే అంటారు. కడుపు వెనకాల అడ్డంగా ఉండే గ్రంథి అది. తిన్నది అరగడానికి రసాలు, షుగర్ అదుపులో ఉండడానికి ఇన్సులిన్ తయారు చేస్తుంది. గాల్‌బ్లాడర్‌లోంచి జారిన రాయి దారికి అడ్డం పడినా, తాగుడు ఎక్కువైనా, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు 1000 దాటినా ఆ రసాలు గ్రంథిలోనే పని మొదలుపెట్టి దాన్నే అరిగించడం మొదలుపెడతాయి.

చాలామందికి ఇది వారం రోజుల్లో తగ్గిపోతుంది. డాక్టర్లు ఇప్పుడు వాడే వర్గీకరణ 2012లో సవరించినది. దాని ప్రకారం కిడ్నీ, ఊపిరి, రక్తప్రసరణ వీటిలో ఏదో ఒకటి ఫెయిలై 48 గంటలు దాటినా కోలుకోకపోతే అది తీవ్రమైన రకం. కాబట్టి మూడో రోజున డాక్టర్ గారిని రెండు ప్రశ్నలు అడగండి. "ఏదైనా అవయవం 48 గంటలకు మించి ఫెయిలైందా?" "సీటీలో నెక్రోసిస్, అంటే చచ్చిపోయిన భాగం, కనబడుతోందా? ఎంత మేర?" చేరిన రోజే తీసిన సీటీలో నెక్రోసిస్ సరిగ్గా తెలియకపోవచ్చు. మూడు నాలుగు రోజులు గడిచాక తీసిన స్కాన్‌లోనే అసలు సంగతి బయటపడుతుంది. అందుకని "మొదటి స్కాన్‌లో ఏం లేదన్నారు కదా" అని వాళ్లతో వాదన పెట్టుకోవద్దు.

ఆ తర్వాతి స్కాన్ చూశాక కూడా రెండు ప్రశ్నలకీ "లేదు" అని జవాబొస్తే ఇక్కడితో చదవడం ఆపేయండి. ఈ ఫంగస్ గోల మీకు దాదాపు అక్కర్లేదు. రెండింట్లో ఒక్కటి "ఉంది" అన్నా, ఆస్పత్రి సంగతి ఆలోచించండి. శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో వచ్చేవాళ్లు కేజీహెచ్‌కి గానీ హనుమంతవాక దగ్గర విమ్స్‌కి గానీ ఆరిలోవ హెల్త్ సిటీ వైపు గానీ చేరుతుంటారు. ఎక్కడ చేర్చినా ఒకటి అడగండి: "స్కాన్ చూస్తూ డ్రెయిన్, అంటే చీము బయటికి తీసే గొట్టం, వేసే రేడియాలజిస్టు, ఎండోస్కోపీ చేసే గ్యాస్ట్రో డాక్టర్, సర్జన్, ఈ ముగ్గురూ ఇక్కడే దొరుకుతారా?" ఈ జబ్బు ఒక్క డాక్టర్ చేతిలో నడిచేది కాదు. దొరకరు అంటే, రోగి కదిలే స్థితిలో ఉన్నప్పుడే మార్చడం గురించి మాట్లాడండి. మూడో వారంలో బీపీ పడిపోయాక అంబులెన్స్ ఎక్కించడం చాలా కష్టం.

ఒక నోట్‌బుక్ కొనండి

జగదాంబ దగ్గర 40 రూపాయలకు కొన్న లాంగ్ నోట్‌బుక్ మాకు ఏ స్కాన్‌కీ తీసిపోని సాయం చేసింది. ఐసీయూలో డ్యూటీ డాక్టర్లు మారుతుంటారు, సిస్టర్లు మారుతుంటారు. మారకుండా అక్కడే ఉండేది మీరే.

రోజులు లెక్కపెట్టేటప్పుడు విశాఖలో చేర్చిన రోజు నుంచి కాదు, నొప్పి మొదలైన రోజు నుంచి లెక్కపెట్టండి. ముందు ఊళ్లో నర్సింగ్ హోమ్‌లో నాలుగు రోజులు ఉంచి ఉంటారు, ఆ నాలుగూ కలవాలి. ఈ జబ్బులో డాక్టర్ల నిర్ణయాలన్నీ వారాల లెక్క మీద నడుస్తాయి. ఆ నాలుగు రోజుల్లో ఏ ఇంజెక్షన్లు పడ్డాయో తెలిపే చీటీలు కూడా జాగ్రత్త చేయండి. యాంటీబయాటిక్ అప్పుడే మొదలై ఉంటే ఇక్కడివాళ్లకి అది తెలియాలి.

రోజుకో పేజీ కేటాయించి ఇవి రాసుకోండి: ఆ రోజు ఎక్కువలో ఎక్కువ జ్వరం ఎంత, బీపీ నిలబెట్టే మందు నడుస్తోందా, ఏ యాంటీబయాటిక్ ఏ తేదీన మొదలైంది, మెడ దగ్గర సెంట్రల్ లైన్ (పెద్ద నరంలోకి వేసే మందుల గొట్టం) వేసి ఎన్నాళ్లయింది, యూరిన్ ట్యూబు ఎప్పుడు మార్చారు, తిండి గొట్టంలోంచి వెళుతోందా సెలైన్ దారిలోనా. చివరి పేజీని కల్చర్లకి ఉంచండి. కల్చర్ అంటే రక్తమో చీమో ల్యాబ్‌లో పెట్టి ఏ క్రిమి పెరుగుతుందో చూసే పరీక్ష. ఏ తేదీన, ఎక్కడి నుంచి తీసి పంపారు, రిపోర్టు ఎప్పుడొచ్చింది, ఏం వచ్చింది. ఆ చివరి పేజీ ఎందుకో కిందికి వెళ్లాక తెలుస్తుంది.

"పవర్‌ఫుల్ యాంటీబయాటిక్ వేయండి" అని ఒత్తిడి చేయకండి

ఈ తప్పు మేమే చేశాం, అందుకే కాస్త సాగదీసి చెబుతాను.

ఐదో రోజు బావకి 102 జ్వరం. మా పెదనాన్నగారి అబ్బాయి ఫోన్‌లో "వీళ్లు మామూలు మందులతో సరిపెడుతున్నారు, పెద్ద యాంటీబయాటిక్ వేయమనండి" అన్నాడు. మేం వెళ్లి గట్టిగా అడిగాం. వేశారు. మా ఒత్తిడికి వేశారో, వాళ్లకే అవసరం అనిపించి వేశారో ఇప్పటికీ తెలియదు.

మొదటి వారంలో వచ్చే జ్వరం చాలాసార్లు ఇన్‌ఫెక్షన్ వల్ల రాదు. లోపల గ్రంథి కాలిపోతున్నట్టు వాచిపోతుంటే ఒళ్లంతా ఆ మంటకి స్పందిస్తుంది, జ్వరం వస్తుంది, తెల్లకణాలు పెరుగుతాయి. చచ్చిన భాగంలో క్రిములు చేరడం ఎక్కువగా రెండో వారం నుంచి నాలుగో వారం మధ్య జరుగుతుంది. ముందుజాగ్రత్త పేరుతో మొదటి రోజు నుంచే యాంటీబయాటిక్ వేయడం వల్ల ఉపయోగం లేదని, వేయొద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు ఎప్పుడో చెప్పాయి. ఫంగస్ రాకుండా ముందే ఫంగస్ మందు వేయడాన్ని కూడా అందరికీ సిఫారసు చేయడం లేదు.

ఫంగస్ ఎలా వస్తుందో తెలిస్తే దీని వెనక కారణం తెలుస్తుంది. ఇక్కడ ఎక్కువగా కనిపించేది క్యాండిడా. అది బయటి నుంచి ఊడిపడేది కాదు. మనందరి నోట్లో, పేగుల్లో ఓ మూల పడి ఉంటుంది. చుట్టూ కోట్ల బ్యాక్టీరియా ఉన్నంతకాలం దానికి చోటు చిక్కదు. రెండు మూడు వారాలు మెరోపెనెం లాంటి పెద్ద యాంటీబయాటిక్‌లు పడ్డాయనుకోండి, కలుపు మందు కొట్టిన చేలో ఆ మందుకి చావని ఒక్క గడ్డి రకం గట్టు దాకా అల్లుకున్నట్టు, క్యాండిడా అల్లుకుంటుంది. అదే సమయానికి తీవ్రమైన పాంక్రియాటైటిస్ (పాంక్రియాస్ వాపు) వల్ల పేగు గోడ బలహీనపడి ఉంటుంది. క్రిములు దాన్ని దాటి పక్కకి వెళ్లిపోతాయి. పక్కనే రక్తం ఆడని, చచ్చిన పాంక్రియాస్ ముద్ద ఉంటుంది. రక్తం ఆడని చోటికి మందు కూడా సరిగ్గా చేరదు. ఫంగస్‌కి ఇంతకంటే ఇంకేం కావాలి!

దీనికి తోడు మెడలో సెంట్రల్ లైన్, నరం ద్వారా తిండి, డయాలసిస్, వెంటిలేటర్, షుగర్, స్టెరాయిడ్లు, కడుపు ఆపరేషన్. వీటిలో ఎన్ని ఉంటే ముప్పు అంత పెరుగుతుంది. చాలావాటిని తప్పించలేం. ప్రాణం నిలబెట్టేవి అవే కదా.

మీరు అడగాల్సింది ఇలా: "ఈ యాంటీబయాటిక్ ఏ ఇన్‌ఫెక్షన్ కోసం? కల్చర్ పంపారా? ఎన్ని రోజులకి మళ్లీ ఆలోచిస్తారు?" ఈ మూడు ప్రశ్నలు మర్యాదగా అడిగితే ఏ డాక్టరూ విసుక్కోరు. అలాగని రెండో అంచుకి వెళ్లి "యాంటీబయాటిక్ ఆపేయండి, ఫంగస్ వస్తుందట" అని పట్టుబట్టకండి. చీము పట్టిందన్న అనుమానం నిజంగా ఉన్నప్పుడు యాంటీబయాటిక్ పడాల్సిందే.

గొట్టంలోంచి తిండి అంటే ఒప్పుకోండి

ముక్కులోంచి కడుపులోకి, లేదా ఇంకా కిందికి చిన్నపేగులోకి సన్నటి గొట్టం వేసి పాలలాంటి ఫీడ్ ఎక్కిస్తామంటారు. చాలా కుటుంబాలు "పాపం ముక్కులో గొట్టమా, సెలైన్లోనే బలం ఎక్కించండి" అంటాయి. మా అత్తయ్య కూడా అదే అన్నారు. కానీ పేగులోకి తిండి వెళుతుంటేనే పేగు గోడ గట్టిగా ఉంటుంది. అందుకే మొదటి రెండు మూడు రోజుల్లోనే గొట్టం తిండి మొదలుపెట్టాలని చూస్తారు. నరం ద్వారా ఎక్కించే తిండిని టీపీఎన్ అంటారు. క్యాండిడా రక్తంలో చేరే ముప్పును పెంచేవాటిలో అదొకటి. పేగు అసలు పనిచేయనప్పుడు అది తప్పదు. కానీ "గొట్టం తిండి ఎప్పుడు మొదలుపెడతారు?" అని రోజూ అడగండి.

ఇంటి నుంచి ఏదీ తెచ్చి గొట్టంలో పోయించకండి. కొబ్బరినీళ్లు మంచివే కదా అంటారు. వాటిలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి అది ప్రమాదం. ఇంకో సలహా తరచూ వినబడుతుంది: మంచి బ్యాక్టీరియా ఉన్న ప్రోబయాటిక్ సాచెట్లు ఇస్తే ఫంగస్ రాదని. తీవ్రమయ్యేలా ఉన్న పాంక్రియాటైటిస్ రోగుల మీద నెదర్లాండ్స్‌లో ఇదే పరీక్షించి 2008లో ఫలితం ప్రకటించారు. ప్రోబయాటిక్ ఇచ్చినవాళ్లలో 16 శాతం మంది చనిపోయారు, ఇవ్వనివాళ్లలో 6 శాతం. మందుల షాపులో చీటీ లేకుండా దొరుకుతుంది కదా అని కొనితెచ్చి సిస్టర్ చేతిలో పెట్టకండి.

లోపలికి వెళ్లేటప్పుడు

చేతులు. మోచేతి దాకా సబ్బుతోనో, మంచం దగ్గర పెట్టిన స్పిరిట్ ద్రవంతోనో. లోపలికి వెళ్లే ముందు, వచ్చాక కూడా. 2009లో జపాన్‌లో ఒక రోగి చెవిలో మొదటిసారి గుర్తించిన క్యాండిడా ఆరిస్ అనే రకం ఇప్పుడు మన దేశంలో ఐసీయూలను బాగా ఇబ్బంది పెడుతోంది. అది మంచం కమ్మీల మీద, బల్లల మీద రోజుల తరబడి బతికి ఉండి చేతుల ద్వారా ఒకరి నుంచి ఇంకొకరికి పోతుంది. చాలా మందులకి లొంగదు కూడా.

సింహాచలం చందనం, కనకమహాలక్ష్మి అమ్మవారి పసుపు కుంకుమ తెచ్చి మెడ దగ్గర రాయాలని పెద్దవాళ్లు ఆరాటపడతారు. ఆ మెడ దగ్గరే సెంట్రల్ లైన్ ఉంటుంది. ఒకసారి సిస్టర్ మా అక్క మీద కేకలేసింది, అక్క ఏడ్చింది. తర్వాత ఆ సిస్టరే కుంకుమ పొట్లాన్ని చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి మంచం తల దగ్గర టేపుతో అంటించింది. మీరూ అలా అడిగి చూడండి.

ఎప్పుడు అనుమానించాలి

రెండో వారం దాటాక నోట్‌బుక్ రోజూ సాయంత్రం తిరగేయండి. జ్వరం తగ్గి మళ్లీ మొదలైందా? యాంటీబయాటిక్ నాలుగైదు రోజులుగా పడుతున్నా దిగడం లేదా? తగ్గించుకుంటూ వచ్చిన బీపీ మందు మళ్లీ పెంచారా? అదుపులో ఉన్న షుగర్ కారణం లేకుండా ఎగబాకుతోందా? వీటిలో ఏది కనబడినా మర్నాడు డాక్టర్ గారితో మాట్లాడే టైంలో అడగండి: "ఫంగస్ ఏమైనా అయి ఉంటుందా సార్? రక్తం కల్చర్ మళ్లీ పంపుతారా?"

వీటన్నిటికీ ఫంగసే కారణం కానక్కర్లేదు. మందుకి లొంగని బ్యాక్టీరియా, లైన్ దగ్గర ఇన్‌ఫెక్షన్, కొత్తగా చేరిన చీము, కాలి నరంలో రక్తం గడ్డ, చివరికి మందు వల్ల వచ్చే జ్వరం కూడా ఇలాగే కనిపిస్తాయి. ఫంగస్‌కి ప్రత్యేకమైన లక్షణం అంటూ ఏదీ లేదు. అందుకే ఎవరూ గుర్తుచేయకపోతే మరుగున పడుతుంది.

ఫంగస్ అనగానే చుట్టాలు "బ్లాక్ ఫంగస్ అంట" అని ఫోన్లు మొదలుపెడతారు. 2021లో కోవిడ్ తర్వాత చూసిన ఆ మ్యూకర్ వేరు, ఈ క్యాండిడా వేరు. పాంక్రియాస్‌లో మ్యూకర్ చాలా అరుదు. కన్ను తీసేస్తారా అని మా బావ తమ్ముడు నన్ను పక్కకి పిలిచి మరీ అడిగాడు. ఒకసారి వాట్సాప్ గ్రూపులో రాసి పెట్టేస్తే అందరికీ జవాబు చెప్పే పని తప్పుతుంది.

కల్చర్ రిపోర్టు: ఎక్కడి నుంచి తీశారన్నదే అసలు విషయం

మేము ఎక్కువ కంగారు పడింది, ఎక్కువ నేర్చుకున్నది ఇక్కడే. ఫోన్‌లో ల్యాబ్ రిపోర్టు తెరిచి "క్యాండిడా" అన్న పదం చూడగానే గుండె జారిపోతుంది. ఆగండి. శాంపిల్ ఏమిటో చూడండి.

కఫంలో వచ్చిందా? వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ల కఫంలో క్యాండిడా మామూలుగానే ఉంటుంది. అదొక్కటే అయితే మందు వేయరు. యూరిన్‌లో వచ్చిందా? ట్యూబు వేసి చాలా రోజులైతే అక్కడ చేరి ఉండొచ్చు. చాలాసార్లు ట్యూబు మార్చి మళ్లీ చూస్తారు. కానీ కఫం, యూరిన్, గొంతు ఇలా నాలుగు చోట్లా అదే కనబడుతూ రోగి దిగజారుతుంటే డాక్టర్లు దాన్ని తేలిగ్గా తీసుకోరు.

డ్రెయిన్ నుంచి వస్తే కొంచెం తిరకాసు. వారం క్రితం వేసిన డ్రెయిన్ సంచిలోంచి తీసిన ద్రవమైతే ఆ గొట్టంలోనే పెరిగిన ఫంగస్ కావచ్చు. కొత్తగా సూది గుచ్చి లోపలి నుంచి తీసిన చీములో వస్తే దానికి విలువ ఎక్కువ. "ఇది సంచిలోంచి తీసిందా, లోపలి నుంచి తీసిందా?" అని తప్పక అడగండి. మేం అడిగినప్పుడు అక్కడున్న డ్యూటీ డాక్టర్ కాస్త ఆశ్చర్యపోయి కేస్ షీట్ తిరగేశారు.

రక్తంలో వస్తే వాదన లేదు. ఒక్క బాటిల్‌లో వచ్చినా సరే, చికిత్స చేయాల్సిందే.

రక్తంలో రాకపోతే లేనట్టేనా? కాదు. లోతుగా ఫంగస్ పాతుకున్నవాళ్లలో కూడా రక్తం కల్చర్ దాదాపు సగం మందిలోనే పట్టుకోగలదు. రిపోర్టుకి రెండు మూడు రోజులు, ఒక్కోసారి ఐదు రోజులు పడుతుంది. అందుకే బీటా డీ గ్లూకాన్ అనే ఇంకో రక్త పరీక్ష రాస్తారు. అది నెగెటివ్ వస్తే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఫంగస్ అని తేలిపోదు, డయాలసిస్ వల్ల, ఆల్బుమిన్ ఎక్కించడం వల్ల, ఆపరేషన్‌లో వాడే గాజ్ అనే పలచటి గుడ్డ వల్ల కూడా అది పెరుగుతుంది.

తర్వాత, రకం పేరు. "ఈస్ట్ పెరిగింది" అని రాసి వదిలేస్తే సరిపోదు. ఈస్ట్ అంటే క్యాండిడా చేరే ఫంగస్ గుంపు, అంతే. క్యాండిడా రకాలైన ఆల్బికన్స్, ట్రాపికాలిస్, గ్లాబ్రాటా, క్రుసై, ఆరిస్, వీటిలో ఏదో తేలాలి. ఏ మందుకి లొంగుతుందో కూడా రావాలి. క్రుసై మీద ఫ్లుకోనజోల్ అనే ఫంగస్ మందు పనిచేయదు, అది దాని పుట్టుకలోనే ఉన్న లక్షణం. కొన్ని పాత మెషీన్లు ఆరిస్‌ని గుర్తించలేక హీములోనై అని ఇంకో రకం పేరు రాస్తాయి. మీ రిపోర్టులో ఆ పేరుంటే "ఇది ఆరిస్ కాదని నిర్ధారించుకున్నారా?" అని అడగడంలో తప్పులేదు.

ఇక ఆ చివరి పేజీ సంగతి. బావ చీము శాంపిల్ బయటి ల్యాబ్‌కి వెళ్లింది. ఈస్ట్ కనబడిందని వాళ్లు శుక్రవారమే రిపోర్టు పెట్టారు. ఐసీయూలో అది చూసింది సోమవారం. ఎవరో కావాలని చేసింది కాదు, వారాంతంలో డ్యూటీ మారింది, అంతే. పంపిన తేదీ మా దగ్గర రాసి లేదు కాబట్టి మేమూ అడగలేదు. ఆ తర్వాత నుంచి కల్చర్ పంపిన మూడో రోజు ఉదయం పది గంటలకి నేనే వెళ్లి అడిగేవాణ్ణి.

మందు మొదలయ్యాక

పరిస్థితి బాగాలేనివాళ్లకి ముందుగా క్యాస్పోఫంగిన్, మైకాఫంగిన్, అనిడులాఫంగిన్ అనే ఇంజెక్షన్లలో ఏదో ఒకటి మొదలుపెట్టడం రివాజు. ఖరీదైనవి. రోగి నిలకడగా ఉండి, రిపోర్టులో ఫ్లుకోనజోల్‌కి లొంగుతుందని వస్తే, కొన్ని రోజులకి దానికి మారుస్తారు. అప్పుడు ఇంట్లోవాళ్లకి అనుమానం: "తామరకి మెడికల్ షాపులో ఇచ్చే మాత్ర కదా ఇది, డబ్బు అయిపోయిందని తగ్గిస్తున్నారా?" కాదు. లొంగే రకమైతే ఫ్లుకోనజోల్ మంచి మందు, పాంక్రియాస్ కణజాలంలోకి బాగా చేరుతుంది. కంటికి, మూత్రానికి కూడా చేరుతుంది. ఖరీదైన ఆ ఇంజెక్షన్లు కంట్లోకి, మూత్రంలోకి సరిగ్గా చేరవు. ధర చూసి మందు గొప్పతనాన్ని అంచనా వేయకండి. మొండి రకాలకి లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ వాడతారు. అది ఎక్కేటప్పుడు చలి, వణుకు రావచ్చు. పొటాషియం పడిపోవచ్చు, కిడ్నీ మీద భారం పడొచ్చు. అందుకే రోజూ రక్తం తీస్తారు, విసుక్కోవద్దు.

రక్తంలో క్యాండిడా ఉంటే మూడు విషయాలు గుర్తుచేయండి. సెంట్రల్ లైన్ తీసేయడమో మార్చడమో వీలవుతుందా? రక్తం కల్చర్ నెగెటివ్ వచ్చేదాకా మళ్లీ మళ్లీ పంపుతున్నారా? కంటి డాక్టర్ వచ్చి లోపలి పొర చూశారా? చికిత్స 14 రోజులు అంటారు గానీ ఆ లెక్క మొదటి ఇంజెక్షన్ నుంచి కాదు, మొదటి నెగెటివ్ కల్చర్ నుంచి. చీములోనే ఉంటే ఇన్ని రోజులని ముందే చెప్పలేరు. చీము ఎంత ఖాళీ అయింది, కొత్త స్కాన్ ఎలా ఉంది అన్నదాన్ని బట్టి సాగుతుంది.

ఎందుకంటే, లోపల కుళ్లిన ముద్ద అలాగే ఉంటే మందు ఒక్కటే చాలాసార్లు గెలవలేదు. దాన్ని బయటికి తేవాలి. "మరి వెంటనే కోసి తీసేయొచ్చుగా?" అని అందరూ అడుగుతారు. పూర్వం అలాగే చేసేవాళ్లు. నెదర్లాండ్స్‌లోనే చేసిన ఇంకో అధ్యయనం 2010లో వచ్చాక పద్ధతి మారింది. ముందు నడుం పక్కనుంచి గొట్టం వేసో, ఎండోస్కోపీతో కడుపు గోడలోంచి దారి చేసో చీము తీస్తారు. దాంతో సరిపోకపోతేనే చచ్చిన భాగాన్ని చిన్న కోతతో తొలగిస్తారు. అలా మెట్టు మెట్టుగా వెళ్లినవాళ్లలో మూడింట ఒక వంతు మందికి గొట్టంతోనే సరిపోయింది. వీలైతే నాలుగు వారాల దాకా ఆగుతారు, అప్పటికి కుళ్లిన భాగం చుట్టూ గోడ కట్టుకుని వేరుపడుతుంది. ఆ ఆగడం నిర్లక్ష్యం అనుకుని మేం రెండుసార్లు గొడవ పెట్టుకోబోయాం.

డబ్బు సంగతి

చేరిన రోజే ఎన్టీఆర్ వైద్య సేవ డెస్క్‌కి వెళ్లండి. జనం ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటున్నారు, ఫర్వాలేదు, అర్థమవుతుంది. ప్యాకేజీలో ఫంగస్ ఇంజెక్షన్లు వస్తాయా, ఐసీయూ రోజులకి హద్దు ఉందా అని కాగితం మీద రాయించుకోండి. బయట కొనమంటే కంపెనీ పేరు కాకుండా మందు పేరు రాసివ్వమని అడగండి. ఒకే మందు వేర్వేరు కంపెనీల్లో ధర బాగా తేడా ఉంటుంది, రెండు మూడు షాపుల్లో విచారించండి. తెచ్చేటప్పుడు ఐస్ కావాలో లేదో షాపులోనే అడగండి. మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో పెట్టి తేవద్దు. బిల్లులన్నీ ఒరిజినల్స్ దాచండి. ముఖ్యమంత్రి సహాయనిధికి పెట్టుకునేటప్పుడు అవే అడుగుతారు.

ఇంటికి పంపేటప్పుడు

డ్రెయిన్‌తోనే పంపొచ్చు. సంచి ఎప్పుడూ నడుం కంటే కిందే ఉండాలి. రోజుకి ఎన్ని మిల్లీలీటర్లు వచ్చింది, రంగు ఏమిటి రాయండి, అదే నోట్‌బుక్ పనికొస్తుంది. సెలైన్‌తో కడగడం మీ చేత చేయించి నేర్పితేనే చేయండి, వీడియోలు చూసి కాదు. విశాఖ ఉక్కపోతకి డ్రెస్సింగ్ చెమటతో నాని ఊడిపోతుంటుంది. తడిస్తే ఆ రోజే మార్పించండి, మరుసటి వారం ఓపీ దాకా ఆగకండి. శ్రీకాకుళం వైపు వెళ్లేవాళ్లు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కే ముందు సంచి ఖాళీ చేసుకోండి, గొట్టం చొక్కాకి పిన్నుతో ఆనించండి. సీటు కమ్మీకి తగులుకుని లాగేసుకుంటే మళ్లీ వెనక్కి రావాల్సిందే.

ఫ్లుకోనజోల్ మాత్రలు రాసిస్తే ఇంట్లో అంతకుముందు వాడుతున్న మందులన్నీ డాక్టర్ ముందు పరచండి. షుగర్‌కి గ్లిమెపిరైడ్ వేసుకునేవాళ్లకి ఈ రెండూ కలిస్తే షుగర్ బాగా పడిపోవచ్చు. రక్తం పలచబడడానికి వార్ఫరిన్, ఫిట్స్‌కి ఫెనిటాయిన్ వాడేవాళ్లకీ మోతాదు మార్చాల్సి రావచ్చు. పాంక్రియాస్ దెబ్బతిన్నాక కొత్తగా షుగర్ వచ్చేవాళ్లూ ఉన్నారు కాబట్టి అంతకుముందు లేకపోయినా పరీక్ష చేయిస్తూ ఉండండి. మలం జిడ్డుగా తేలుతుంటే, బరువు పెరగకపోతే తిండి అరగడానికి ఎంజైమ్ గుళికలు కావాలేమో అడగండి. జ్వరం తగ్గింది కదా అని ఫంగస్ మాత్రలు మధ్యలో మానేయకండి.

100.4 దాటిన జ్వరం, చలి, డ్రెయిన్‌లో రక్తం, అకస్మాత్తుగా డ్రెయిన్ ఆగిపోవడం, వాంతులు, ఇవి వస్తే 108కి ఫోన్ చేసి అయినా సరే ఆ రోజే రండి. వీటికి తోడు రెండు విషయాలు ఎవరూ సరిగ్గా చెప్పరు. కళ్ల ముందు నల్లటి చుక్కలు తేలడం, చూపు మసకబారడం ఒకటి. వారాల తర్వాత వచ్చి తగ్గని నడుం నొప్పి రెండోది. క్యాండిడా రక్తంలోంచి కంట్లోకి, వెన్నుపూసలోకి చేరి కొన్నాళ్లు నిద్రపోతుంది. కంటి డాక్టర్ దగ్గరికి గానీ ఎముకల డాక్టర్ దగ్గరికి గానీ వెళితే "రెండు నెలల కింద రక్తంలో క్యాండిడా వచ్చింది" అని మీరు నోరు తెరిచి చెప్పాలి. లేకపోతే కంట్లో వేసే చుక్కల మందుతోనో, నొప్పి గోలీతోనో సరిపెట్టేస్తారు.

డిశ్చార్జ్ సమ్మరీలో ఫంగస్ రకం పేరు, ఏ మందుకి లొంగింది, ఎన్ని రోజులు వాడారు, ఇవి రాశారో లేదో కౌంటర్ దగ్గరే నిలబడి చదవండి. మాకు మొదట ఇచ్చినదాంట్లో ఒక్క ముక్క కూడా లేదు. వెనక్కి వెళ్లి రాయించుకున్నాం. రాయిని తీసేందుకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ ఎప్పుడో, తాగుడు కారణమైతే మాన్పించే డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో కూడా అదే కాగితం మీద తేదీలతో వేయించుకోండి. దాన్ని ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టండి. బావకి డిశ్చార్జ్ అయిన మూడు వారాలకి రాత్రి పదకొండింటికి మళ్లీ జ్వరం వచ్చింది. క్యాజువాలిటీలో కుర్ర డాక్టర్ మొదట అడిగింది "కిందటిసారి ఏం పెరిగింది?" అని. అక్క ఫోన్ తీసి చూపించింది.